బార్బెక్యూ పోటీలో తొలిసారి దిగేవారికి: నియమావళి నుంచి స్కోరు కాగితం దాకా

అమెరికాలో జరిగే బార్బెక్యూ పోటీలకు మొదటిసారి పేరు ఇచ్చేవారిలో చాలామంది ఇంటి పెరట్లో బాగా వండి, తిన్నవాళ్ళందరి మెప్పూ పొందినవాళ్ళే. ఆ మెప్పు నిజమైనదే అయినా పోటీకి అదొక్కటే చాలదు. ఇంటికి వచ్చిన అతిథి కబుర్లు చెప్పుకుంటూ, ఆకలి మీద, ప్లేటు నిండా తింటాడు. పోటీలో మిమ్మల్ని ఎన్నడూ చూడని ఆరుగురు జడ్జీలు తలా ఒక ముక్క తీసుకుని, ఒకటి రెండుసార్లు కొరికి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా అంకెలు వేస్తారు. ఆ ఒక్క కొరుకుకు సరిపడా రుచిని, సరిగ్గా చెప్పిన నిమిషానికి, నాలుగు రకాల మాంసంలోనూ అందించగలగడమే ఈ పోటీ. కొత్తవారు నేర్చుకోవలసినదంతా ఈ లెక్క చుట్టూ తిరుగుతుంది కాబట్టి, దాన్ని పని జరిగే క్రమంలోనే వివరిస్తాను.

ముందుగా ఒక స్పష్టత అవసరం. హైదరాబాదు రెస్టారెంట్లలో బార్బెక్యూ అంటే ఊచలకు గుచ్చిన ముక్కలను నేరుగా నిప్పుల మీద కాల్చడం. అమెరికన్ పోటీల్లో ఆ మాటకు అర్థం వేరు. మూత పెట్టిన స్మోకర్‌లో, నిప్పు సెగ నేరుగా తగలకుండా, కట్టె పొగ మధ్య, 225 నుంచి 300 డిగ్రీల ఫారన్‌హీట్ (సుమారు 107 నుంచి 149 సెల్సియస్) వేడి దగ్గర గంటల తరబడి వండడం. ఇకపై చెప్పే డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే ఉంటాయి, ఎందుకంటే అక్కడి థర్మామీటర్లూ నియమాలూ అందులోనే ఉంటాయి.

ఏ పోటీ, ఎవరి నియమాలు

మొదటి పని పోటీని ఎంచుకోవడం. దేశవ్యాప్తంగా ఎక్కువ పోటీలను నడిపించేవి కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ నియమాలు. దాన్ని అందరూ కేసీబీఎస్ అంటారు. ఇందులో చికెన్, పోర్క్ రిబ్స్ (పంది పక్కటెముకలు), పోర్క్ (పంది భుజం మాంసం), బీఫ్ బ్రిస్కెట్ (గొడ్డు ఛాతీ మాంసం) అనే నాలుగు విభాగాలు ఉంటాయి. టెక్సాస్‌లో ఎక్కువగా కనిపించేది ఇంటర్నేషనల్ బార్బెక్యూ కుకర్స్ అసోసియేషన్, అంటే ఐబీసీఏ. అందులో సగం కోడి, పోర్క్ రిబ్స్, బ్రిస్కెట్ ఉంటాయి. జడ్జీలకు మాంసం పంపే బాక్సులో ఆకుల అలంకరణ ఉండదు. టెనెసీలో 1978లో మొదలైన మెంఫిస్ ఇన్ మే పోటీ ప్రధానంగా పంది మాంసానిది. అక్కడ జడ్జీలు జట్టు గుడారం దగ్గరికే వచ్చి, వండినవారితో మాట్లాడి మరీ మార్కులు వేసే దశ ఒకటి ఉంటుంది. 1974లో మొదలైన హ్యూస్టన్ రోడియో బార్బెక్యూ పోటీ, 1980లో మొదలైన కాన్సాస్ సిటీ అమెరికన్ రాయల్ చూడవలసిన పెద్ద జాతరలు. హ్యూస్టన్, డాలస్, కాన్సాస్ సిటీ శివారుల్లో ఉండే తెలుగువారికి ఇవి కారులో వెళ్ళివచ్చే దూరంలోనే జరుగుతాయి కాబట్టి, పోటీలో దిగకముందు ఒక ఏడాది ప్రేక్షకులుగా వెళ్ళి రావడం ఎంతో మేలు చేస్తుంది.

మొట్టమొదటి పోటీగా పెద్ద పేరున్నదాన్ని ఎంచుకోకండి. చిన్న ఊళ్ళలో, ముప్పై నలభై జట్లు వచ్చే పోటీ చాలు. చాలాచోట్ల అసలు పోటీతో పాటు బ్యాక్‌యార్డ్ విభాగం అని ఔత్సాహికులకు వేరే పోటీ పెడతారు. అందులో సాధారణంగా చికెన్, రిబ్స్ వంటి రెండు మాంసాలే ఉంటాయి, ప్రవేశ రుసుమూ తక్కువ. అసలు పోటీకి రుసుము, మాంసం, బొగ్గు, ప్రయాణం అన్నీ కలిపితే ఒక్క వారాంతానికి ఖర్చు తేలికగా వేయి డాలర్లు దాటుతుంది కాబట్టి, బ్యాక్‌యార్డ్ విభాగంతో మొదలుపెట్టడమే తెలివైన దారి అని నేను గట్టిగా చెబుతాను.

మన కుటుంబాల్లో గొడ్డు మాంసం, పంది మాంసం తిననివారు చాలామంది ఉంటారు. ఈ విషయాన్ని జట్టు కట్టేటప్పుడే మొహమాటం లేకుండా తేల్చుకోవాలి. ఉప్పూ తీపీ సరిపోయాయో లేదో తెలుసుకోవడానికి ఎవరో ఒకరు ప్రతి ముక్కనూ రుచి చూసి తీరాలి. రుచి చూడకుండా పంపిన బాక్సు గుడ్డిగా వేసిన బాణమే. కాబట్టి ఆ మాంసాలు తినే ఒకరు జట్టులో ఉండాలి, లేదా చికెన్‌కు మాత్రమే పరిమితం కావాలి. మొత్తం స్కోరు అంటే నాలుగు విభాగాల కూడిక కనుక ఒక విభాగం వదిలేస్తే పై స్థానం ఆశించలేం. అయితే ప్రతి విభాగానికీ విడిగా స్థానాలు ప్రకటిస్తారు, చికెన్‌లో వచ్చిన స్థానం చికెన్‌లో వచ్చినట్టే.

పోటీ ఖరారయ్యాక ఆ ఏడాది నియమావళిని మొదటి నుంచి చివరి దాకా చదవండి. నియమాలను ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కాబట్టి పాత అనుభవజ్ఞుడి మాట కంటే కొత్త కాగితమే ప్రమాణం. కేసీబీఎస్‌లో వంటకు కట్టెలు, కట్టె గుళికలు, బొగ్గు మాత్రమే వాడాలి. గ్యాసు మీద, కరెంటు మీద వండకూడదు. మాంసాన్ని ముందుగా ఉడకబెట్టడం, నూనెలో వేయించడం, సూ వీడ్ చేయడం (సంచిలో మూసి వేడి నీళ్ళలో వండడం) నిషేధం. అన్నిటికంటే ముఖ్యంగా, నిర్వాహకులు వచ్చి తనిఖీ చేసేవరకు మాంసానికి ఉప్పు కూడా తగలకూడదు. కొవ్వు కోసి శుభ్రం చేసుకుని తీసుకువెళ్ళవచ్చు. మసాలా పట్టించడం, ఇంజెక్షన్ ఎక్కించడం (రుచి ద్రవాన్ని సూదితో మాంసం లోపలికి పంపడం) మాత్రం తనిఖీ తర్వాతే. రాత్రంతా మసాలాలో నానబెట్టి తీసుకువెళ్ళే అలవాటున్న మనవాళ్ళు ఈ ఒక్క నియమాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

మార్కులు ఎలా పడతాయి

కేసీబీఎస్‌లో ప్రతి జడ్జి మూడు అంశాలకు 9 నుంచి 2 వరకు అంకె వేస్తాడు: చూపు, రుచి, మెత్తదనం. 9 అంటే అద్భుతం, 6 అంటే సాధారణం, 2 అంటే తినడానికి పనికిరానిది. 1 అనేది నియమం తప్పినందుకు వేసే శిక్ష. ఈ మూడింటికీ బరువు సమానం కాదు. చూపు అంకెను 0.5600తో, రుచి అంకెను 2.2972తో, మెత్తదనం అంకెను 1.1428తో గుణిస్తారు. ఒక జడ్జి మూడింటికీ 9 వేస్తే 36 వస్తుంది. ఆరుగురిలో తక్కువ వేసినవారి స్కోరును తీసేసి మిగతా ఐదుగురివీ కలుపుతారు కాబట్టి, ఒక విభాగానికి గరిష్ఠం 180, నాలుగింటికీ కలిపి 720.

ఈ గుణకాలను బల్ల దగ్గర అతికించుకోండి. రుచిలో ఒక అంకె తగ్గితే జరిగే నష్టం, చూపులో నాలుగు అంకెలు తగ్గితే జరిగే నష్టంతో సమానం. అయినా కొత్త జట్లు పార్స్లీ ఆకులు పేర్చడానికి రెండు గంటలు వెచ్చించి, సాస్‌లో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు కూడా కేటాయించవు. మరోవైపు, బాక్సును మొదట చూపుకే చూపిస్తారు. మార్కుల్లో దాని వాటా చిన్నదే అయినా, అందంగా కనిపించిన ముక్కను జడ్జి మంచి ఆశతో నోట్లో పెట్టుకుంటాడని నా నమ్మకం.

జడ్జీలు ఏం వెతుకుతారో తెలుసుకోవడానికి దగ్గరి దారి జడ్జి కావడమే. కేసీబీఎస్ నిర్వహించే సర్టిఫైడ్ జడ్జి తరగతి ఒక పూటలో పూర్తవుతుంది. అందులో మంచి ముక్కా చెడ్డ ముక్కా రెండూ రుచి చూపించి, అంకె ఎలా వేయాలో నేర్పుతారు. మాంసం లోపల ఎర్రగా కనిపించే పొగ వలయాన్ని లెక్కలోకి తీసుకోవద్దని కూడా అక్కడే చెబుతారు. దానికోసం రాత్రంతా తాపత్రయపడే కొత్తవారికి ఈ ఒక్క సంగతి ఎంతో శ్రమ తప్పిస్తుంది. తర్వాత ఒకటి రెండు పోటీల్లో జడ్జిగా కూర్చుంటే, పైస్థాయి జట్ల చికెన్ ఏ రంగులో ఉంటుందో, రిబ్ ఎంత తియ్యగా ఉంటుందో మీ నాలుకకే తెలుస్తుంది.

స్మోకర్, నిప్పు, పొగ

ఖరీదైన స్మోకర్ లేనిదే గెలవలేమన్నది అపోహ. మలేషియాలో పుట్టి, కాలిఫోర్నియాలో ఐటీ ఉద్యోగం చేస్తూ పోటీల్లోకి వచ్చిన హ్యారీ సూ, వెబర్ స్మోకీ మౌంటెన్ అనే మామూలు నిలువు స్మోకర్ల మీద వండి పెద్ద పెద్ద ట్రైలర్ల జట్లను ఓడించాడు. అలాంటి స్మోకర్లు రెండు ఉంటే నాలుగు మాంసాలూ వండవచ్చు. ఏది కొన్నా సరే, దాని స్వభావం తెలిసేదాకా దాని మీదే వండాలి. గాలి వీచినప్పుడు ఎంత వేడెక్కుతుందో, మూత తీస్తే మళ్ళీ కుదురుకోవడానికి ఎంతసేపు పడుతుందో, జాలీలో ఏ మూల ఎక్కువ కాలుతుందో మీకు తెలిసి ఉండాలి.

నిలువు స్మోకర్‌కు జిమ్ మినియన్ పేరుతో ప్రచారంలో ఉన్న నిప్పు పద్ధతి నమ్మకమైనది. బొగ్గు గిన్నెను రాజేయని బొగ్గులతో నింపి, మధ్యలో చిన్న గుంట చేసి, అందులో బాగా రాజుకున్న బొగ్గులు కొన్ని పోస్తారు. పైనుంచి కిందికి, లోపలినుంచి బయటికి నెమ్మదిగా నిప్పు పాకుతూ గంటల తరబడి ఒకే వేడి నిలుస్తుంది. కింద ఉండే గాలి కంతలను, కావలసిన వేడి ఇంకా 25 డిగ్రీల దూరంలో ఉండగానే మూయడం మొదలుపెట్టాలి. దాటిపోయిన వేడిని కిందికి దించడం, పెరుగుతున్న వేడిని ఆపడం కంటే చాలా కష్టం. మూత మీద ఉండే థర్మామీటరును నమ్మకుండా, మాంసం ఉండే జాలీ దగ్గర వేరే ప్రోబ్ (సూది థర్మామీటరు) పెట్టుకోండి.

పొగ విషయంలో ఎక్కువైతే మంచిదన్న భ్రమను వదలాలి. నిప్పు రాజేసిన మొదటి అరగంటలో వచ్చే చిక్కటి తెల్ల పొగ మాంసానికి చేదు అంటిస్తుంది. అది తగ్గి, గొట్టం పైన సన్నగా, నీలిరంగు ఛాయతో, ఉందో లేదో అన్నట్టు పొగ వచ్చాకే మాంసం పెట్టాలి. పిడికిలంత కట్టె ముక్కలు మూడు నాలుగు చాలు. హికరీ, ఓక్, పీకాన్ గొడ్డు మాంసానికీ పంది మాంసానికీ బాగుంటాయి. ఆపిల్, చెర్రీ కట్టె కోడికి మృదువైన వాసన, మంచి రంగు ఇస్తాయి. టెక్సాస్‌లో విరివిగా దొరికే మెస్కీట్ మన చెరువు గట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ జాతిదే. దాని పొగ ఘాటు ఎక్కువ కాబట్టి గంటల తరబడి సాగే వంటకు కొత్తవారు దాన్ని వాడకపోవడమే క్షేమం.

గడియారాన్ని వెనక్కి తిప్పి లెక్కించడం

కేసీబీఎస్‌లో బాక్సులు ఇచ్చే సమయాలు సాధారణంగా ఇలా ఉంటాయి: చికెన్ 12:00, రిబ్స్ 12:30, పోర్క్ 1:00, బ్రిస్కెట్ 1:30. ప్రతి సమయానికీ ఐదు నిమిషాలు ముందు, ఐదు నిమిషాలు తర్వాత వరకు మాత్రమే తీసుకుంటారు. ఆ పది నిమిషాలు దాటితే ఎంత గొప్పగా వండినా ఆ బాక్సు లెక్కలోకి రాదు. పెళ్ళి ముహూర్తం పెట్టుకుని పనులన్నీ దానినుంచి వెనక్కి లెక్కించినట్టే ఇక్కడా బాక్సు సమయం నుంచే వెనక్కి రావాలి.

275 డిగ్రీల దగ్గర వండేవారికి ఉజ్జాయింపుగా ఒక లెక్క చెబుతాను. బ్రిస్కెట్ 1:30కి వెళ్ళాలి, కోసి పేర్చడానికి ఇరవై నిమిషాలు కావాలి, అంతకుముందు కనీసం రెండు గంటలు విశ్రాంతి తీసుకోవాలి; అంటే ఉదయం 11 గంటలకల్లా అది స్మోకర్ నుంచి దిగాలి. వండడానికి ఏడెనిమిది గంటలు పట్టేట్టయితే తెల్లవారుజామున 3 గంటలకు పెట్టాలి. పోర్క్ బట్‌ను ఇంచుమించు అదే సమయానికి పెడతారు; ఈ పంది భుజం ముక్క ముందుగా అయిపోతే దానికి విశ్రాంతి ఎక్కువ దొరుకుతుంది. రిబ్స్ ఉదయం 7:45కి, చికెన్ 10:15కి. విశ్రాంతి అంటే మాంసాన్ని ఫాయిల్‌లో చుట్టి, తువ్వాళ్ళు పరిచిన ఖాళీ ఐస్ కూలర్‌లో పెట్టి మూయడం. బాగా వేడిగా ఉన్న బ్రిస్కెట్ అలా నాలుగు గంటలు నిలుస్తుంది, కాబట్టి ముందుగా అయిపోవడం సమస్య కాదు, ఆలస్యమే సమస్య. ఆరోగ్య నియమాల ప్రకారం అది 140 డిగ్రీల కిందికి మాత్రం పోకూడదు.

పెద్ద మాంసాలతో కొత్తవారిని భయపెట్టేది 150 నుంచి 170 డిగ్రీల మధ్య లోపలి వేడి గంటల తరబడి కదలకుండా నిలిచిపోవడం. ఉపరితలం నుంచి ఆవిరయ్యే తేమ మాంసాన్ని చల్లబరుస్తూ ఉండడమే దీనికి కారణం. కంగారుపడి నిప్పు పెంచనవసరం లేదు. పై పొర రంగు మీకు నచ్చిన దశకు రాగానే రెండు పొరల ఫాయిల్‌లో బిగుతుగా చుడితే ఆవిరి ఆగి, వేడి మళ్ళీ పెరుగుతుంది.

ఈ పట్టికను కాగితం మీద రాసుకున్నంత మాత్రాన సరిపోదు. పోటీకి ముందు ఇంటి దగ్గరే నాలుగు మాంసాలతో, రాత్రి నుంచి మధ్యాహ్నం దాకా, నిజమైన బాక్సుల్లో, గడియారం చూసుకుంటూ పూర్తి సాధన చేయండి. ఇరుగుపొరుగుకు ఇచ్చి ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటారు. అందుకని జడ్జీలకు ఇచ్చినట్టే మూడు అంశాలకూ అంకెలు వేయమని కాగితం ఇవ్వండి. ఒక సాధనకూ మరో సాధనకూ మధ్య ఒక్క మార్పు మాత్రమే చేయండి. రబ్ (మాంసానికి పట్టించే పొడి మసాలా), సాస్, వేడి మూడూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

నాలుగు మాంసాలు

చికెన్ చిన్నదిగా కనిపిస్తుంది కానీ శ్రమంతా అందులోనే ఉంది. దాదాపు అన్ని జట్లూ ఎముకతో ఉన్న తొడ ముక్కలే వండుతాయి, ఎందుకంటే అవి కొంచెం ఎక్కువ ఉడికినా ఎండిపోవు. అసలు చిక్కు తోలు దగ్గర వస్తుంది. జడ్జి కొరికినప్పుడు తోలు ఆ కొరుకు మేరకే తెగాలి; మొత్తం తోలు ఊడి గడ్డం మీద వేలాడితే మెత్తదనంలో మార్కు అక్కడే పోతుంది. అందుకని తోలును ముక్క నుంచి జాగ్రత్తగా విడదీసి, చెక్క మీద లోపలివైపు పైకి వచ్చేలా పరిచి, పదునైన కత్తిని దాదాపు నిలువుగా పట్టుకుని, తోలుకు అవతల చెక్క రంగు కనిపించేంత పలచన అయ్యేదాకా కొవ్వును గీకుతారు. కత్తి కాస్త వాలితే తోలు చిరుగుతుంది, కాబట్టి పన్నెండు తొడలు కావాలంటే పదహారు కొనుక్కోవాలి. తొడ మాంసాన్ని అన్నీ ఒకే ఆకారంలో ఉండేలా కత్తిరించి, నల్లగా కనిపించే రక్తనాళాలు తీసేసి, తోలును మళ్ళీ చుట్టి, అంచులు కిందికి మడుస్తారు. పొగ పట్టాక కాసేపు వెన్న వేసిన పళ్ళెంలో మూతపెట్టి ఉంచితే తోలు మెత్తబడుతుంది. ఆపై సాస్‌లో ముంచి, పది నిమిషాలు తిరిగి స్మోకర్‌లో పెట్టి ఆరనిస్తారు. కోడికి 165 డిగ్రీలు భద్రతకు సరిపోతాయి. తొడకు మాత్రం 180 దాకా తీసుకువెళితేనే కొరుకు బాగుంటుంది.

రిబ్స్‌లో సెయింట్ లూయీ కోత, అంటే అంచులు కత్తిరించి దీర్ఘచతురస్రంగా చేసిన స్పేర్ రిబ్స్, కొత్తవారికి అనుకూలం. ఎముకల వైపు ఉండే సన్నని పొరను పేపర్ టవల్‌తో పట్టుకుని ఒక్క లాగులో తీసేయాలి. రెండు గంటలు పొగలో ఉంచి, రంగు వచ్చాక బ్రౌన్ షుగర్, తేనె, వెన్నతో ఫాయిల్‌లో చుట్టి గంట నుంచి గంటన్నర ఉడకనిస్తారు. ఎముక నుంచి మాంసం ఊడి పడిపోతే ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు, పోటీలో మాత్రం అది ఎక్కువ ఉడికినట్టు. కొరికిన చోట మాత్రమే మాంసం శుభ్రంగా వచ్చి, పంటి గుర్తు స్పష్టంగా నిలిచి, ఎముక మీద ఆ మేరకు తెల్లగా కనిపించాలి. ఆ దశకూ ఊడిపోయే దశకూ మధ్య పదిహేను నిమిషాల తేడా కూడా ఉండదు. అందుకే రెండు మూడు పలకలు వండి, చివర్లో ఒక్కోదాని నుంచి ఒక ఎముక కోసి కొరికి చూసి, బాగున్నదాన్నే బాక్సులో పెట్టాలి.

పోర్క్ విభాగంలో బోస్టన్ బట్ అనే ఎనిమిది తొమ్మిది పౌండ్ల భుజం ముక్క వండుతారు. ఎముకకు ఎదురు వైపు, గొట్టంలా గుండ్రంగా, కొవ్వు చారలతో ఒక కండ ఉంటుంది. పోటీవాళ్ళు దాన్ని మనీ మజిల్ అంటారు. అది 190 డిగ్రీల దగ్గరే మెత్తబడి బిళ్ళలుగా కోయడానికి అనువుగా ఉంటుంది, మిగతా భాగం పీచుగా విడిపోవడానికి 200 దాటాలి. కాబట్టి ప్రోబ్‌ను మనీ మజిల్‌లోనే పెట్టుకోండి. బాక్సులో కొన్ని బిళ్ళలు, కొంత పీచు మాంసం రెండూ పెట్టి, రెండింటినీ చివరగా సాస్‌తో, చిటికెడు రబ్‌తో రుచి సరిచేసుకోవాలి.

బ్రిస్కెట్‌కు ఎప్పుడు దించాలో అంకె చెప్పదు, చెయ్యే చెబుతుంది. 195 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, పలచటి కండ (ఫ్లాట్) లోకి ప్రోబ్ గుచ్చి చూస్తూ ఉండండి. మొదట్లో అది ఒక పొర దగ్గర ఆగి, కొంచెం నొక్కితే గానీ దిగదు. మాంసాన్ని గట్టిగా ఉంచే కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారాక అదే చోట, మీరు నొక్కకుండానే, తన బరువుతోనే జారిపోతుంది. ఒక బ్రిస్కెట్ 198 దగ్గర ఆ స్థితికి వస్తుంది, మరొకటి 208 దాకా రాదు. దించాక పది పదిహేను నిమిషాలు ఫాయిల్ తెరిచి ఆవిరి పోనిచ్చి, మళ్ళీ చుట్టి కూలర్‌లో పెట్టాలి. పోగుకు అడ్డంగా పెన్సిలంత మందంతో కోసిన ముక్కను వేలి మీద వేలాడదీస్తే తెగకుండా వంగాలి, రెండు చివరలూ మెల్లగా లాగితే తెగిపోవాలి. అనుకున్నదానికంటే గట్టిగా ఉంటే పలచగా కోయండి, మరీ మెత్తబడితే మందంగా కోయండి. ఈ చిన్న సర్దుబాటు మెత్తదనంలో ఒక అంకె కాపాడుతుంది. మందపు భాగం (పాయింట్) నుంచి అంగుళం ఘనాలు కోసి, సాస్ కలిపి తిరిగి వేడి చేస్తే బర్న్ట్ ఎండ్స్ అవుతాయి. అవి బాగా కుదిరితేనే బాక్సులో పెట్టండి. పెట్టకపోతే ఎవరూ మార్కులు తగ్గించరు.

రుచి గురించి, ముఖ్యంగా తెలుగు నాలుకకు

మన నాలుక కారానికీ పులుపుకూ అలవాటు పడింది. మనకు చప్పగా అనిపించేది అక్కడి జడ్జికి ఘాటుగా ఉండవచ్చు. పైగా అతను ఒక్కో విభాగంలో ఐదారు జట్ల మాంసం వరసగా తింటాడు. మొదటి ముక్క కారం నాలుక మీద నిలిచిపోతే తర్వాతి జట్టుకు అన్యాయం, మీకూ నష్టమే. అందుకని ముందు తీపి, వెంటనే ఉప్పు, చివర్లో చిన్నగా వెచ్చదనం అన్న వరసలో రుచి రావాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, కరివేపాకు మీద ఎంత ప్రేమ ఉన్నా, అవి జడ్జికి ఇది బార్బెక్యూ కాదేమో అన్న సందేహం కలిగిస్తాయి. అయితే మన అనుభవం వృథా పోదు. మిరపను రంగుకోసం ఎంత, ఘాటుకోసం ఎంత అని విడదీసి ఆలోచించడం, మసాలాను ఎప్పుడు వేస్తే మాడుతుందో తెలియడం మన వంటింటి నుంచి వచ్చే బలాలు. రబ్‌లో పంచదార ఎక్కువగా ఉంటే 300 దాటిన వేడి దగ్గర నల్లబడి చేదెక్కుతుందన్న సంగతి, పోపు మాడిన వాసన తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్క కొరుకులోనే అంతా తెలియాలి కాబట్టి, ప్లేటు నిండా తినడానికి బాగుండేదానికంటే ఉప్పూ తీపీ ఒక మెట్టు పైన ఉండాలి. మొదట్లో సొంత రబ్, సొంత సాస్ తయారుచేసే పని పెట్టుకోకండి. పోటీల్లో గెలిచిన జట్ల రబ్‌లూ సాస్‌లూ బజారులో దొరుకుతాయి. వాటితో నిప్పూ సమయమూ అదుపులోకి వచ్చాక సొంత రుచి వెతుక్కోవచ్చు.

శుక్రవారం, శనివారం

చాలా పోటీలకు శుక్రవారం మధ్యాహ్నానికే చేరుకోవాలి. గుడారం, బల్లలు, అగ్నిమాపక సిలిండర్, చేతులు కడుక్కునే ఏర్పాటు, పాత్రలు కడగడానికి, జాలించడానికి, బ్లీచ్ నీళ్ళలో శుద్ధి చేయడానికి మూడు వేర్వేరు తొట్లు, రెండు కూలర్లు, బోలెడన్ని చేతి తొడుగులు ఉండాలి. పచ్చి మాంసం 40 డిగ్రీల లోపు ఉందా అని తనిఖీలో చూస్తారు. సాయంత్రం జరిగే వంటవారి సమావేశాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకండి. సమయాల్లో మార్పులు, బాక్సులు ఎక్కడ ఇవ్వాలి వంటివన్నీ అక్కడే చెబుతారు. మీ ఫోను గడియారాన్ని నిర్వాహకుల అధికారిక గడియారంతో సరిచూసుకోవడం కూడా అప్పుడే. పక్క గుడారాల వారితో పరిచయం చేసుకోండి. ఈ రంగంలో పాత జట్లు కొత్తవారికి సాయం చేయడంలో ఎంతో ఉదారంగా ఉంటాయి. అడిగితే బొగ్గు, ఫాయిల్, సలహా అన్నీ దొరుకుతాయి.

ఆకుల బాక్సులను శుక్రవారం రాత్రే సిద్ధం చేసి, తడి పేపర్ టవల్ కప్పి కూలర్‌లో పెట్టుకోవాలి. పచ్చ లెట్యూస్, పార్స్లీ, కొత్తిమీర వంటి నియమావళిలో పేర్కొన్న ఆకులే వాడాలి. లెట్యూస్ అడుగున ఉండే గట్టి మొదలు బాక్సులో ఉండకూడదు. నియమం తప్పిన ఆకు కనిపించినా, సాస్ బాక్సు అడుగున మడుగు కట్టినా చూపులో అందరూ 1 వేస్తారు. ఫాయిల్ తునక, పుల్ల వంటి బయటి వస్తువు ఉంటే మూడు అంశాల్లోనూ 1. ఆరుగురికీ ముక్క అందకపోతే, అందని జడ్జి అన్నిటికీ 1 వేస్తాడు, అందినవారు కూడా చూపును 1కి మార్చుతారు. అందుకని మూత వేసే ముందు ఒకరు గట్టిగా ఆరు ముక్కలు లెక్కపెట్టాలి, మరొకరు వినాలి. ముక్కలు ఒకదానికొకటి అంటుకుని లేకుండా, విడిగా తీసుకోగలిగేలా ఉన్నాయో లేదో కూడా చూడాలి. బాక్సు ఇచ్చే చోటికి నడక ఎంతసేపు పడుతుందో ఉదయమే ఒకసారి నడిచి చూసుకోండి. జనం మధ్యలో బాక్సును సమానంగా పట్టుకుని నడిచేవారికి ముందు దారి చేసేవారు ఒకరుంటే ముక్కలు చెదరవు.

స్కోరు కాగితం చదవడం

బహుమతుల ప్రకటన తర్వాత ప్రతి జట్టుకూ ఆరుగురు జడ్జీల అంకెలతో స్కోరు కాగితం ఇస్తారు. తొలి పోటీలో మీ స్థానం కంటే ఆ కాగితం విలువైనది. ముందుగా అడ్డంగా కాకుండా నిలువుగా చదవండి. ఆరుగురిలో నలుగురు మెత్తదనానికి 7 వేసి, రుచికి 8, 9 వేస్తే రబ్‌ను ముట్టుకోకండి. వంట సమయాన్ని మాత్రమే మార్చండి. ఒకే ఒక జడ్జి 5 వేసి మిగతావారు 8 వేస్తే దాన్ని పట్టించుకోనవసరం లేదు, ఆ స్కోరు ఎలాగూ తీసేస్తారు. నాలుగు మాంసాలు వేర్వేరు బల్లల మీదికి వెళ్తాయి, కొన్ని బల్లలు ఉదారంగా, కొన్ని పిసినారితనంగా మార్కులు వేస్తాయి. కాబట్టి ఒక్క పోటీ కాగితంతో వంటకం మొత్తం మార్చేయకుండా, కనీసం మూడు పోటీల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని ఏ అంకె పదే పదే తక్కువ వస్తోందో చూడండి. ఎవరైనా జడ్జి వ్యాఖ్య రాసి ఉంటే దాన్ని, ఆ రోజు మీరు రాసుకున్న సమయాలతో, డిగ్రీలతో కలిపి అదే నోటుబుక్కులో అతికించుకోండి. తర్వాతి సాధనలో ఏ ఒక్కదాన్ని మార్చాలో ఆ పేజీ మీదే, ఇంటికి తిరిగి వచ్చే దారిలోనే, అన్నీ గుర్తున్నప్పుడే రాసుకోండి.